కాన్పు కాగానే పడాల్సిన సూది

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసారాంబాగ్, మలక్‌పేట మీదుగా చాదర్‌ఘాట్ వైపు మెట్రో కింద సాగే రోడ్డుకు అటూ ఇటూ ఆస్పత్రులు, ల్యాబులు, మందుల షాపులు. వాటి నడుమ సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు, బోసినవ్వుల పసివాళ్ల ఫొటోలతో. ఇక్కడి నల్గొండ చౌరస్తాకు ఆ పేరు ఊరికే రాలేదు. నల్గొండ, సూర్యాపేట, దేవరకొండ వైపు జనానికి పట్నం మొదలయ్యేది ఈ వైపునుంచే. పాతబస్తీ వాళ్లూ, జిల్లాల వాళ్లూ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని టోకెన్ నంబరు కోసం చూసే చోటు ఇది.

పిల్లల కోసం వచ్చిన జంటకు మొదటి రోజే రాసిచ్చే రక్తపరీక్షల చీటీలో నాలుగు పేర్లు తప్పకుండా ఉంటాయి. హెచ్ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్. ఇద్దరికీ చేస్తారు. సాయంత్రానికి రిపోర్టు వస్తుంది. అందులో 'హెచ్‌బీఎస్ఏజీ' అన్న వరుసకు ఎదురుగా 'రియాక్టివ్' అని, అంటే హెపటైటిస్-బి ఉన్నట్టు, ఉంటే, అప్పటిదాకా ఐవీఎఫ్‌కు ఎంతవుతుందని లెక్కలు వేసుకుంటున్న భార్యాభర్తలు లెక్కలు మరిచిపోతారు.

ఈ చుట్టుపక్కల మగవాళ్లలో కొందరికి ఆ మాట కొత్త కాదు. గల్ఫ్ దేశాల్లో కొలువుకు వెళ్లేవాళ్లకు వీసా కోసం జరిగే మెడికల్‌లో హెపటైటిస్-బి పరీక్ష ఉంటుంది. పాజిటివ్ వస్తే 'అన్‌ఫిట్' ముద్ర పడుతుంది. ఆ రోజు ఇంట్లో జరిగే గొడవంతా ఏజెంటుకు కట్టిన డబ్బు గురించే. కాలేయం మాట ఎవరూ ఎత్తరు. సంబంధాలు చెడిపోతాయని ఆ కాగితం బీరువాలో అడుక్కి వెళ్లిపోతుంది. ఆ తర్వాత పెళ్లవుతుంది, ఏళ్లు గడిచినా కడుపు పండదు, చివరికి ఇలాంటి ఒక కేంద్రంలో అదే మాట మళ్లీ పైకి వస్తుంది. ఈసారి పక్కన భార్య ఉంటుంది.

"బచ్చే హోంగే నా, డాక్టర్ సాబ్?" అని ఒకరు, "మాకు పిల్లలు అయితరా మేడం?" అని ఇంకొకరు. ఏ భాషలో అడిగినా మొదటి ప్రశ్న ఇదే. దానికి జవాబు సులువు: అవుతారు, ఈ వైరస్ ఒక్కటే కారణంగా కాకుండా పోరు. అసలు అడగాల్సిన రెండో ప్రశ్నను మాత్రం చాలామంది అడగరు. హెపటైటిస్-బి పిల్లలు కలగకుండా అడ్డుపడేది కొంచెం, కలిగిన పిల్లలకు అంటుకునేది చాలా ఎక్కువ. జనం భయం తూకం మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుందని నాకనిపిస్తుంది. వైద్యం కూడా కొన్నిసార్లు ఆ తలకిందుల తూకాన్నే అనుసరిస్తుంది.

ముందు వైరస్ సంగతి. ఇది మహా చిన్నది, సుమారు 42 నానోమీటర్లు. దాని జన్యుపటం మొత్తం కలిపి సుమారు 3,200 అక్షరాలు. ఇంత చిన్న సరంజామాతో అది కాలేయ కణంలోకి దూరి, కేంద్రకం లోపల తన డీఎన్ఏను గుండ్రటి వలయంగా చుట్టి పెట్టుకుంటుంది. ఇప్పుడున్న మందులు వైరస్ కొత్త ప్రతులు తయారుకాకుండా ఆపగలవు కాని, ఆ వలయాన్ని పెకలించలేవు. అందుకే మాత్రలు ఏళ్ల తరబడి వేసుకోవాల్సి వస్తుంది. ఈ వైరస్‌కు ఒక విచిత్రమైన దుబారా గుణం ఉంది. అసలు వైరస్‌తోపాటు దాని పైతొడుగు ప్రోటీన్‌తో చేసిన ఖాళీ గుళికలను లెక్కకు మించి రక్తంలోకి వదులుతుంది. అసలుదానికి వెయ్యి రెట్ల నుంచి లక్ష రెట్ల దాకా. రిపోర్టులో కనబడే హెచ్‌బీఎస్ఏజీ అంటే ఆ పైతొడుగు ప్రోటీనే. అమెరికా శాస్త్రవేత్త బరూక్ బ్లూమ్‌బర్గ్ దాన్ని 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో మొదట పట్టుకున్నాడు కాబట్టి పాత ల్యాబుల్లో 'ఆస్ట్రేలియా యాంటిజెన్' పరీక్ష అనేవాళ్లు. ఆయనకు 1976లో నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జులై 28నే ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మందిలో ఈ వైరస్ స్థిరపడి ఉంది. అందులో మన దేశం వాటా దాదాపు 2 కోట్ల 98 లక్షలు. వీళ్లలో అత్యధికులకు తమకిది ఉందనే తెలియదు. కళ్లు పచ్చబడవు, కడుపు నొప్పి రాదు. మన జనం మాత్రం కాలేయ రోగమంటే పచ్చకామెర్లే అనుకుంటారు. కామెర్లంటే పసరు మందు గుర్తొస్తుంది. పొద్దున్నే పరగడుపున పసరు పోయించుకుని పథ్యం చేసి 'తగ్గిపోయింది' అనుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు దక్కుతుంది. పసరు మందుల్లో వాడే నేల ఉసిరిని శాస్త్రం పట్టించుకోలేదని అనడానికీ లేదు. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన త్యాగరాజన్ బృందం 1988లో లాన్సెట్ పత్రికలో నేల ఉసిరి వాడినవారిలో చాలామందికి హెచ్‌బీఎస్ఏజీ మాయమైందని రాసింది. బ్లూమ్‌బర్గ్ కూడా ఆ పరిశోధనలో ఉన్నాడు. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. కాబట్టి పిల్లల కోసం బయల్దేరిన జంట పసరు కోసం ఆరు నెలలు పోగొట్టుకోవడం మంచిది కాదు, ముఖ్యంగా ఆడమనిషి వయసు ముప్పై అయిదు దాటుతుంటే.

ఇక వీర్యం సంగతి. హెపటైటిస్-బి ఉన్న మగవాడి రక్తంలోనే కాదు, వీర్యంలోనూ వైరస్ ఉంటుంది. ఈ విషయం మీద ఎక్కువ పని చైనాలోని షాంటౌ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జరిగింది. అక్కడివాళ్లు 2000 తర్వాతి దశాబ్దంలో రెండు సంగతులు చూపించారు. మొదటిది, కొందరు రోగుల వీర్యకణాల క్రోమోజోముల్లోనే వైరస్ డీఎన్ఏ ముక్కలు అతుక్కుని ఉండటం. రెండోది, ఆ పైతొడుగు ప్రోటీన్‌ను పాత్రలో ఆరోగ్యవంతమైన వీర్యకణాలకు తగిలిస్తే వాటి చలనం తగ్గడం, వాటికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు నీరసించడం, కణాలు చావు దారి పట్టడం. ఆస్పత్రి లెక్కలు చూస్తే, హెపటైటిస్-బి ఉన్న మగవాళ్ల వీర్యంలో కదిలే కణాల శాతం, సరైన ఆకారంలో ఉన్న కణాల శాతం మిగతావాళ్లకంటే కొంత తక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. తైవాన్‌లో జాతీయ ఆరోగ్య బీమా రికార్డులు వడపోసి 2014లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఈ వైరస్ ఉన్న మగవాళ్లలో వంధ్యత్వం, వైరస్ లేనివాళ్లకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు కనిపించింది.

ఒకటిన్నర రెట్లు అనగానే గుండె గుభేలుమనక్కర్లేదు. మూలంలోనే తక్కువగా ఉన్న ముప్పు ఒకటిన్నర రెట్లయినా తక్కువే. హెపటైటిస్-బి ఉండి మామూలుగా ముగ్గురు నలుగురు పిల్లల్ని కన్న తండ్రులు ఈ దేశంలో లక్షల్లో ఉన్నారు. వైరస్ నిజంగా సంతానాన్ని అడ్డుకునేదే అయితే తరం నుంచి తరానికి ఇంత హాయిగా దాటి వచ్చేది కాదు.

ఇక్కడ చదువుకున్న పాఠకుడికి ఒక అనుమానం రావాలి. ఆ పైతొడుగు ప్రోటీనే కదా హెపటైటిస్-బి టీకాలో ఉండేది? మరి టీకా వేయించుకుంటే వీర్యకణాలు పాడవవా? పాడవవు. పెద్దవాళ్ల టీకా మోతాదులో ఉండే ప్రోటీన్ 20 మైక్రోగ్రాములు. దాన్ని భుజం కండరంలో వేస్తారు, రోగనిరోధక కణాలు అక్కడే పట్టుకుని చదువు నేర్చుకుంటాయి. ప్రయోగశాలలో చేసింది వేరు. అక్కడ శుభ్రం చేసిన వీర్యకణాలను గాఢమైన ప్రోటీన్ ద్రావణంలో నేరుగా ముంచి ఉంచారు. వైరస్ స్థిరపడిన మనిషి రక్తంలో ఆ ప్రోటీన్ రాత్రింబవళ్లు, ఏళ్ల తరబడి తిరుగుతుంది. మూడు సూదులతో దానికి పోలిక లేదు.

కాలేయం బాగా దెబ్బతిని గట్టిపడితే, అంటే సిరోసిస్ దాకా వస్తే, కథ మారుతుంది. మగవాళ్లలో టెస్టోస్టిరాన్ పడిపోయి ఈస్ట్రోజన్ పెరుగుతుంది, కోరిక తగ్గుతుంది, రొమ్ములు ఉబ్బుతాయి. ఆడవాళ్లలో నెలసరి తప్పుతుంది. మద్యం తోడైతే ఆ దశ త్వరగా వస్తుంది. వైరస్ ఉందని తెలిసిన మనిషి పిల్లల కోసం తిరుగుతూ సాయంత్రం పూట పెగ్గు మానకపోతే, ఆ ఇంట్లో తప్పు వైరస్‌దొక్కటే కాదు.

ఆడవాళ్ల విషయంలో ఆధారాలు ఇంకా పలచగా ఉన్నాయి. అండాల్లోనూ, పిండాల్లోనూ వైరస్ ఆనవాళ్లు కనిపించాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి. హెపటైటిస్-బి ఉన్న స్త్రీలలో గర్భనాళాల సమస్య కొంచెం ఎక్కువని కొందరు అన్నారు. అయితే దానికి వైరస్ కారణమా, లేక అదే దారిలో వచ్చిన ఇతర లైంగిక వ్యాధులు కారణమా అన్నది విడదీయడం కష్టం. ఐవీఎఫ్ ఫలితాల విషయానికి వస్తే, భార్యాభర్తల్లో ఒకరికి హెపటైటిస్-బి ఉన్నా గర్భం నిలిచే అవకాశం, బిడ్డ పుట్టే అవకాశం మిగతా జంటలకు దగ్గరగానే ఉన్నాయని అధ్యయనాల్లో ఎక్కువ భాగం చెబుతున్నాయి. భర్తకు ఉన్నప్పుడు అండంతో వీర్యకణం కలిసే శాతం కొద్దిగా తగ్గిందని కొన్నిచోట్ల తేలింది. ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించే ఇక్సీ పద్ధతిలో ఆ లోటు చాలావరకు పూడుతుంది.

చాలామందికి తెలియాల్సిన ముక్క ఇంకొకటి ఉంది. భర్తకు హెపటైటిస్-బి ఉందన్న ఒక్క కారణంతో ఏ జంటకూ ఐవీఎఫ్ అవసరం లేదు. భార్యకు మూడు డోసుల టీకా వేసి, ఒకటి రెండు నెలల తర్వాత యాంటీ-హెచ్‌బీఎస్ పరీక్ష చేసి, రక్షణ 10 యూనిట్లు దాటిందని చూసుకుంటే చాలు, మామూలు దాంపత్యంతోనే బిడ్డ కోసం ప్రయత్నించవచ్చు. అప్పటిదాకా కండోమ్ వాడాలి. టీకా షెడ్యూలు మామూలుగా ఇవాళ ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. 'ఆరు నెలలు ఆగాలా' అని తొందరపడేవాళ్లకు నెలకొకటి చొప్పున మూడు డోసులు వేసి, ఏడాదికి ఒక బూస్టర్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఇక పాజిటివ్ ఉన్న మనిషికి టీకా వేసినా ఉపయోగం లేదు. అది రాకుండా ఆపుతుంది, వచ్చినదాన్ని వెళ్లగొట్టదు. భర్తకు పాజిటివ్ వస్తే భర్తకే టీకా వేయించి ఇంటికి పంపిన ఉదంతాలు వింటుంటాం. వేయాల్సింది పక్కన కూర్చున్న భార్యకు, ఇంట్లో ఉన్న తోబుట్టువులకు, అమ్మానాన్నలకు, వాళ్ల రక్తం ముందు పరీక్షించి.

వీర్యం కడగడం అన్న మాట ఈ కేంద్రాల్లో తరచుగా వినబడుతుంది. వీర్యాన్ని ప్రత్యేక ద్రావణం పొరల మీద పోసి, యంత్రంలో గిర్రున తిప్పి, బలమైన కణాలను అడుగుకు దించి తీసుకోవడం. హెచ్ఐవీ ఉన్న మగవాళ్ల విషయంలో ఈ పద్ధతి పెద్ద మలుపు తెచ్చింది. హెపటైటిస్-బిలో ఇది వైరస్ మోతాదును తగ్గిస్తుంది, పూర్తిగా పోగొడుతుందని చెప్పలేం. వీర్యకణంలోపలే వైరస్ డీఎన్ఏ ఉంటే ఎంత కడిగినా పోదు. కాబట్టి భార్య ఒంట్లో టీకా ఇచ్చిన రక్షణను మించిన కవచం ఇక్కడ లేదు.

ల్యాబులో మాత్రం జాగ్రత్త ఎంత అవసరమో ఒక పాత ఉదంతం చెబుతుంది. 1980ల చివర్లో నెదర్లాండ్స్‌లో పిండాలు పెంచే ద్రావణంలో దాతల రక్తం నుంచి తీసిన సీరం కలిపేవాళ్లు. ఆ సీరంలో హెపటైటిస్-బి ఉన్నట్టు ఎవరూ పసిగట్టలేదు. పిండాన్ని గర్భసంచిలోకి పంపేటప్పుడు దానితోపాటు ఆ ద్రావణమూ వెళ్లింది. బిడ్డ కోసం వచ్చిన పదుల కొద్దీ ఆడవాళ్లకు వైరస్ అంటింది. భార్యాభర్తలిద్దరికీ ఏ రోగమూ లేదు, ల్యాబులోని ద్రావణం నుంచి వచ్చింది. ఇంకోసారి, 1995లో లండన్ నుంచి మరో కబురు. ఎముక మజ్జను దాచే ద్రవ నత్రజని ట్యాంకులో ఒక సంచి చిరిగి, అందులోని వైరస్ ద్రవంలో కలిసి ఇతర రోగుల సంచులను చేరింది. మైనస్ 196 డిగ్రీల చలిలో కూడా హెపటైటిస్-బి చావదు. గది వాతావరణంలోనైతే ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది.

పిండాల ట్యాంకుల్లో ఇలాంటిది జరిగినట్టు నమోదు కాలేదు. కాని మంచి ల్యాబులు ఆ భరోసా మీద కూర్చోవు. పాజిటివ్ దంపతుల నమూనాలను రోజు చివర్లో విడిగా చూస్తారు, మూసివేసిన గొట్టాల్లో దాస్తారు, వాటికి వేరే ట్యాంకు పెడతారు, లేదంటే ద్రవంలో ముంచకుండా నత్రజని ఆవిరిలో ఉంచుతారు. ఏ కేంద్రంలో చికిత్సకు డబ్బు కట్టబోతున్నారో ఆ కేంద్రాన్ని 'మా పిండాలు ఎక్కడ దాస్తారు, ఎలా దాస్తారు' అని అడగడం దంపతుల హక్కు. ల్యాబు సిబ్బంది అందరికీ టీకా వేశారా అని కూడా అడగవచ్చు. నమూనాలు చేత్తో తాకేది వాళ్లే.

చట్టం కూడా ఈ విషయంలో ఉంది. సహాయక పునరుత్పత్తి సాంకేతికతను నియంత్రించేందుకు పార్లమెంటు 2021లో చేసిన చట్టం ప్రకారం వీర్యదాతకు, అండదాతకు హెచ్ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్ పరీక్షలు చేయకుండా బ్యాంకు వాళ్ల కణాలు తీసుకోవడానికి వీల్లేదు. దాతగా పనికిరాకపోవడం వేరు, తల్లిదండ్రులు కావడం వేరు. పాజిటివ్ ఉన్న దంపతులు తమ సొంత అండం, వీర్యంతో చికిత్స చేయించుకోవడాన్ని ఆ చట్టం ఆపదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ల మీద వివక్ష చూపకూడదని 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. హెపటైటిస్-బికి అలాంటి రక్షణ లేదు. 'పాజిటివ్ కేసు' అని వేరే బెంచీ మీద కూర్చోబెడితే, వెనక్కి పంపేస్తే, ఎదురు నిలవడానికి వాళ్ల చేతిలో ప్రత్యేక చట్టమేదీ లేదు. నా దృష్టిలో ఇది పూడ్చాల్సిన గొయ్యి.

ఇప్పుడు మనం మరిచిపోయే రెండో ప్రశ్న దగ్గరకు వద్దాం. బిడ్డకు అంటుకుంటుందా?

పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా దాన్ని కొన్ని నెలల్లో తరిమికొడతారు. పుట్టినప్పుడే సోకిన బిడ్డల్లో అయితే నూటికి తొంభై మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. అదే వైరస్, అదే కాలేయం. తేడా అంతా రోగనిరోధక శక్తి వయసులో ఉంది. పుట్టిన నాటినుంచి ఇంట్లోనే తిరుగుతున్న మనిషిని దొంగ అని ఎవరనుకుంటారు? పసిబిడ్డ రక్షణ వ్యవస్థ కూడా అంతే, దాన్ని ఇంటివాడుగానే లెక్కేస్తుంది. ముప్పై నలభై ఏళ్ల తర్వాత సిరోసిస్, కాలేయ క్యాన్సర్ వచ్చేది ఎక్కువగా ఇలా మొదలైనవాళ్లకే. మన గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అయిన కుర్రాడికి కూడా చాలావరకు అది చెడు తిరుగుళ్లతో వచ్చింది కాదు. అమ్మ కడుపు నుంచి బయటపడ్డ రోజున వచ్చి ఉంటుంది, లేదా చిన్నప్పుడు ఇంట్లోనే అంటుకుని ఉంటుంది. పెళ్లయ్యాక బయటపడితే అత్తింటివాళ్లు వేసే నిందల్లో ఈ సంగతికి చోటే ఉండదు.

ఏ రక్షణా లేకపోతే, వైరస్ జోరుగా ఉన్న తల్లి నుంచి బిడ్డకు అంటుకునే అవకాశం నూటికి 70 నుంచి 90. జోరు తక్కువైతే 10 నుంచి 40. తొమ్మిది నెలల్లో దాటేది తక్కువ, ఎక్కువ భాగం కాన్పు వేళ తల్లి రక్తంతో, స్రావాలతో కలిసినప్పుడు దాటుతుంది. సిజేరియన్ చేస్తే ఆగుతుందనుకోవడం పొరపాటు, అందుకోసమని కోయాల్సిన పని లేదు. ఆపేది ఇంకొకటి. పుట్టిన 24 గంటల్లోపు వేసే హెపటైటిస్-బి టీకా. తల్లి పాజిటివ్ అయితే దానితోపాటు ఇంకో తొడకు, వీలైతే 12 గంటల్లోపు, ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది. టీకా బిడ్డ ఒంటికి పోరాటం నేర్పుతుంది, అది నేర్చుకునేలోగా కాపలా కాసేది ఆ రెండో సూది. తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ టీకాలో మిగతా డోసులు ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. ఇవన్నీ సమయానికి పడితే నూటికి తొంభైకి పైగా పిల్లలు తప్పించుకుంటారు.

తప్పించుకోని ఆ కొద్దిమంది ఎక్కువగా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, బాగా ఉన్న తల్లుల బిడ్డలు. మిల్లీలీటరుకు రెండు లక్షల యూనిట్లు దాటితే గర్భం ఏడో నెల, అంటే 28వ వారం నుంచి, తల్లికి రోజుకో టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు. చైనాలో 200 మంది గర్భిణులతో చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో, మాత్రలు చివరిదాకా సరిగ్గా వేసుకున్న తల్లుల పిల్లల్లో ఒక్కరికీ వైరస్ అంటలేదు. మాత్రలు లేని వర్గంలో, సూదులు పడ్డా, నూటికి ఏడుగురికి అంటింది. తల్లిపాలు ఇవ్వవచ్చా అని అడుగుతారు. సూదులు పడ్డాక నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు.

ఆ మొదటి సూది వెనక హైదరాబాద్ కథ ఒకటి ఉంది. 1990ల మొదట్లో హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి వచ్చేది, డోసుకు ఏడెనిమిది వందల రూపాయలు. మధ్యతరగతి ఇంట్లో కూడా అంత పెట్టి నలుగురికి మూడేసి డోసులు వేయించే స్తోమత లేదు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ కె.ఐ. వరప్రసాద్ రెడ్డి, జీవశాస్త్రంతో ఏ సంబంధమూ లేని మనిషి, జెనీవాలో ఒక సదస్సుకు వెళ్లి ఈ టీకా గురించి విన్నారు. సాంకేతిక పరిజ్ఞానం కోసం విదేశీ కంపెనీని అడిగితే దొరికింది అవమానమేనని తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నారు. తల్లి పేరు మీద 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత సీసీఎంబీలో తలదాచుకుని పరిశోధన సాగింది. పెట్టుబడికి బ్యాంకులు ముఖం చాటేస్తే ఒమన్ విదేశాంగ మంత్రి ఆదుకున్నారు. వైరస్ పైతొడుగు జన్యువును పికియా పాస్టోరిస్ అనే ఈస్టులో పెట్టి, ఆ ఈస్టు చేత ప్రోటీన్ తయారుచేయించారు. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి బజారుకు వచ్చింది, డోసు 50 రూపాయలకు. పోటీ పెరిగి ధర ఇంకా పడింది. అది పడితేనే ప్రభుత్వం దేశమంతా పసిపిల్లలకు వేయగలిగింది. 2002లో కొన్ని జిల్లాలు, నగరాల్లో మొదలై, 2007-08లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా పది రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ విస్తరించింది. తైవాన్ ఇదే పని 1984లో మొదలుపెడితే, పదేళ్లలో అక్కడి పిల్లల్లో కాలేయ క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది.

టీకా మన ఊళ్లోనే పుట్టింది, చవకగా ఉంది, ఉచితంగా కూడా దొరుకుతుంది. అయినా అది పడాల్సిన గంటలో పడకుండా పోయే దారులు ఉన్నాయి. అందులో ఒకటి మన ఆచారంలోనే ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో.

ఒక జంటను ఊహించుకోండి. మలక్‌పేటలో ఐవీఎఫ్ చేయించుకున్నారు. భార్య హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ రిపోర్టు, వైరల్ లోడ్, కాలేయ పరీక్షలు, అన్నీ ఆ కేంద్రం ఫైలులో పద్ధతిగా ఉన్నాయి. గర్భం నిలిచింది, గుండె చప్పుడు వినిపించింది, కేంద్రం పని అయిపోయింది. మిఠాయి డబ్బా ఇచ్చి సంబరంగా వెళ్లిపోయారు. ఏడో నెలలో శ్రీమంతం, తర్వాత అమ్మాయి పుట్టింటికి. దేవరకొండ దగ్గరో, నాగర్‌కర్నూల్ దగ్గరో. నొప్పులు వచ్చిన రాత్రి దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు వెళ్లారు. ఐవీఎఫ్ ఫైలు అత్తింట్లో బీరువాలో ఉంది. పాజిటివ్ సంగతి అమ్మానాన్నలకు చెప్పలేదు, చెబితే ఏమనుకుంటారోనని. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఖరీదైనది, ఫ్రిజ్‌లో ఉంచాల్సినది, ప్రతి చిన్న ఆస్పత్రిలో సిద్ధంగా ఉండదు. కాన్పు అయ్యాక వెతకడం మొదలుపెడితే పన్నెండు గంటలు ఎప్పుడు గడిచాయో తెలియదు. ఆరో నెలలోనే ఎక్కడ కాన్పు చేయించాలో తేల్చుకుని, ఆ ఆస్పత్రికి ఫైలు చూపించి, సూది తెప్పించి పెట్టమని ముందే చెప్పి ఉంచితే ఈ పరుగే ఉండదు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో పరీక్షలు, మందులు ఉచితం. పాజిటివ్ తల్లుల బిడ్డలకు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అందులో ఉంది. ఏ ఆస్పత్రిలో ఆ కార్యక్రమం కేంద్రం ఉందో కనుక్కుని పేరు నమోదు చేయించుకోవడం గర్భిణి ఏడో నెలలోపు ఎప్పుడైనా చేయగల పని.

సంతాన చికిత్సకు లక్షలు ఖర్చుపెట్టిన ఇంట్లో ఈ రెండు సూదుల ఖర్చు లెక్కలోకే రాదు. అయినా జారిపోయేది ఇవే. ఐవీఎఫ్ కేంద్రం విజయాన్ని గర్భంతో కొలుస్తుంది, కాన్పు ఆస్పత్రి క్షేమంగా బయటపడ్డ తల్లీబిడ్డలతో కొలుస్తుంది, టీకా వేసే ఏఎన్ఎం కార్డులోని గడులతో కొలుస్తుంది. ఈ ముగ్గురి మధ్య కాగితం చేరవేసే బాధ్యత ఎవరిదీ కాదు. కాబట్టి అది తల్లిదండ్రులదే అవుతోంది. ఐవీఎఫ్ కేంద్రాలు తమ చివరి రిపోర్టు మీద పెద్ద అక్షరాలతో 'పుట్టగానే బిడ్డకు రెండు సూదులు' అని రాసి ఇస్తే చాలు, ఖర్చేమీ లేదు. ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

సూదులన్నీ పడ్డాక కూడా ఒక పరీక్ష మిగిలి ఉంటుంది, దాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. బిడ్డకు తొమ్మిది నెలలు దాటాక, పన్నెండు నెలల లోపు, హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ-హెచ్‌బీఎస్ రెండూ చూడాలి. అంతకు ముందే, ఆత్రం పట్టలేక మూడో నెలలోనో, బొడ్డుతాడు రక్తంతోనో చేయిస్తే జవాబు నమ్మదగ్గది కాదు. తల్లి నుంచి వచ్చిన ఆనవాళ్లు, పుట్టినప్పుడు వేసిన ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంకా రక్తంలో తిరుగుతూ ఉంటాయి. మొదటిది నెగటివ్ వచ్చి రెండోది 10 దాటితే బిడ్డ బయటపడ్డట్టే. మొదటిది నెగటివే అయినా రెండోది 10 లోపే ఉంటే ఇంకోసారి టీకా వేయాలి. మొదటిదే పాజిటివ్ వస్తే పిల్లల కాలేయ వైద్యుడి దగ్గర పేరు రాయించి, ఆరు నెలలకోసారి చూపించాలి. తొమ్మిదో నెల తట్టు టీకా కోసం ఎలాగూ అంగన్‌వాడీకో ఆస్పత్రికో తీసుకువెళతారు. ఆ రోజు రిమైండర్ పెట్టుకుని, తట్టు టీకాతోపాటే ఈ రక్తపరీక్ష కూడా అడగవచ్చు.